ముందు తలుపు టేకుది, వెనక తలుపు రేకుది

సంక్రాంతికి ముందు ఒకసారి, దసరాకు ముందు ఒకసారి, ఎండాకాలం సెలవులకు ముందు మరోసారి 'ఊరెళ్తున్నారా? జాగ్రత్త!' అంటూ ప్రకటన విడుదల చేసే ఉన్నతాధికారి గారికి,

భద్రాచలం దగ్గర, గోదావరి ఒడ్డున, అడవి అంచున కాపురముంటున్న ఒక గృహస్థు నమస్కరించి వ్రాసుకొను బహిరంగ విన్నపము.

విషయం: తాళం వేసిన ఇండ్లు, వాటి కాపలా గురించి.
సూచిక: తమరు విడుదల చేసిన సూచనలు, అన్ని సంవత్సరాలవీ.

అయ్యా,

మీ సూచనలు ఈసారి కూడా అందాయి. జిల్లా పేజీలో వచ్చాయి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి, ఆటోకు మైకు కట్టి బజారు బజారునా వినిపించారు కూడా. నగలు ఇంట్లో ఉంచకండి, లాకర్లో పెట్టండి. తాళం కప్ప కనబడకుండా కర్టెన్ వేయండి. లోపల ఒక లైటు వేసి ఉంచండి. గుమ్మం ముందు చెప్పుల జత వదిలిపెట్టండి. పాలవాడికి, పేపరు అబ్బాయికి రావద్దని చెప్పండి. ఊరెళ్తున్నట్టు స్టేటస్ పెట్టకండి. పక్కింటివాళ్లకు చెప్పండి, స్టేషన్లో చెప్పండి.

వంక పెట్టడానికి ఒక్కటీ లేదు. కాకపోతే ఆ ప్రకటన మేం చదివే పేపర్లోనే దొంగలూ చదువుతారు. ఇప్పుడు మా బజార్లో గుమ్మానికి బయటివైపు కర్టెన్ వేలాడుతూ, మెట్ల మీద తెగిపోయిన చెప్పుల జత పడి ఉండి, మిట్టమధ్యాహ్నం బల్బు వెలుగుతూ కనబడితే ఇంట్లో ఎవరూ లేరని ఒకటో తరగతి పిల్లాడైనా చెబుతాడు.

ఇంకో మాట. ఆ జాబితాను మళ్లీ ఒకసారి చూడండి. ఉంచకండి, వేయండి, వదలండి, చెప్పండి. పనులన్నీ మావే. ఇవన్నీ మేం చేశాక మీరు చేసేదేమిటో ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ముందు మా ఇళ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే తాళం గురించి మీరు చెప్పేవన్నీ ముందు తలుపు గురించి. ఈ అడవి పక్కన ఇల్లు కట్టే ప్రతివాడికీ ముందు తలుపు టేకుదై ఉండాలని కోరిక. దానికే చేతి చమురు వదిలిపోతుంది. తీరా దొడ్డివైపు వచ్చేసరికి డబ్బులు అయిపోతాయి. రేకు తలుపు, లోపల ఒక గడియ. ముందు తలుపుకైనా వెయ్యి రూపాయల తాళం కప్ప కొంటాం, దాన్ని వేసేది మాత్రం అరంగుళం మరలతో బిగించిన గొళ్లానికి. దొంగకు తాళంతో పనే లేదు. ఇనుప రాడ్డు దూర్చి ఒక్క గుంజు గుంజితే గొళ్లెం ఊడి, తాళం చెక్కుచెదరకుండా దానికే వేలాడుతుంది. ఇక బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలోనో, దేవుడి పటం వెనకో, పరుపు కిందో ఉంటుందని దొంగలకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ల ఇళ్లలో కూడా అక్కడే ఉంటుంది. ఇంతవరకూ తప్పు మాదే, ఒప్పుకుంటాం.

లాకర్ సంగతి వేరు. మండలానికి ఒకటో రెండో బ్యాంకు శాఖలుండే ఏజెన్సీలో లాకర్ దొరకడం ముక్కోటి నాడు అంతరాలయ దర్శనం దొరికినంత పని. అందుకని మావాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. పెళ్లికో తిరుపతికో వెళ్లాల్సి వస్తే నగలు పట్టుకెళ్లి కుదువ పెడతారు. డబ్బు అవసరం ఉండదు, అయినా అప్పు తీసుకుంటారు. తిరిగొచ్చాక వడ్డీ కట్టి విడిపించుకుంటారు. ఆ వడ్డీయే లాకర్ అద్దె. 2024 నవంబరులో ఈ ఉపాయానికీ గండి పడింది. వరంగల్ జిల్లా రాయపర్తి, మా మండల కేంద్రాల్లాంటిదే ఒక మండల కేంద్రం. అక్కడి స్టేట్ బ్యాంకులో రాత్రిపూట దొంగలు పడి, గ్యాస్ కట్టర్‌తో లాకర్ కోసి, జనం కుదువ పెట్టిన నగలు సుమారు 19 కిలోలు ఎత్తుకెళ్లారు. విలువ 13 కోట్ల పైమాటే. పోతూ పోతూ సీసీ కెమెరాల రికార్డు పెట్టెను కూడా వెంట తీసుకెళ్లారు. బ్యాంకులో పెట్టండి అని మీరు అన్న ప్రతిసారీ మా ఇంట్లో ఆడవాళ్లు రాయపర్తి పేరెత్తుతున్నారు. తులం లక్ష దాటాక వాళ్లకు జవాబు చెప్పడం నావల్ల కావడం లేదు.

మరి రాత్రిళ్లు మమ్మల్ని కాస్తున్నదెవరు? పన్నెండు దాటాక మా బజార్లో వినిపించేది గూర్ఖా విజిల్. కర్రతో కరెంటు స్తంభాన్ని ఒకసారి తడతాడు, రెండుసార్లు విజిల్ వేస్తాడు, సందు తిరుగుతాడు. ఒకటో తారీఖు దాటాక చిన్న నోటుబుక్కు పట్టుకుని ఇంటింటికీ వస్తాడు. ఇరవై ఇచ్చినా సలాం కొడతాడు, ముప్ఫై ఇచ్చినా సలాం కొడతాడు. ఎవరి ఇల్లు తాళం వేసి ఉందో, ఎవరి అమ్మాయి పురిటికొచ్చిందో, ఏ ఇంట్లో మగమనిషి సింగరేణిలో నైట్ షిఫ్టుకు వెళ్లాడో అతనికి తెలుసు. మనిషి నేపాల్ నుంచి వచ్చాడు, జీతం మా చిల్లర, ఆయుధం విజిల్. ఈ ఊరి రాత్రి భద్రత అంటే సగం అతనే. మీ ప్రకటనలో అతని ప్రస్తావన లేదు.

కాపలా అనేది ఈ నేలకు కొత్త కాదు. ఖమ్మం వైపు నిజాం ఏలుబడిలో ఊరికొక పోలీసు పటేలు ఉండేవాడు, అతని చేతికింద కావలికార్లు, మస్కూరీలు. ఊళ్లోకి కొత్తమనిషి వచ్చి ఎవరింట్లో దిగాడో తెల్లారేసరికి పటేలు చెవిన పడేది. ఆ పటేళ్ల దాష్టీకాలు విని పెరిగినవాళ్లం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేస్తే ఊళ్లలో ఏడ్చినవాళ్లు తక్కువ. నేను ఇప్పుడు దాని కోసం ఏడవబోవడం లేదు. తర్వాత 2020లో వీఆర్వోలు పోయారు. 2023లో వీఆర్‌ఏలను, అంటే పాత మస్కూరీ, కావలికార్ల వారసుల్ని, తలా ఒక శాఖలో సర్దేశారు. పదవి తీసేసిన ప్రతిసారీ దాని జులుంతో పాటు దాని కాపలా కూడా పోయింది. జులుం పోయినందుకు సంతోషమే. కాపలా ఎవరికి అప్పగించారో మాత్రం ఇంతవరకూ మాకు చెప్పలేదు.

పోలీసులు లేరని అంటానేమో అనుకుంటారు. అయ్యా, మా దగ్గర ఉన్నంత మంది పోలీసులు ఎక్కడా ఉండరేమో. వంతెన దగ్గర బండి ఆపి, డిక్కీ తీయించి, స్టెప్నీ టైరును కొట్టి చూస్తారు, గంజాయి కోసం. మల్కన్‌గిరి వైపు నుంచి, సీలేరు వైపు నుంచి చింతూరు మీదుగా వచ్చే సరుకు హైదరాబాద్ చేరాలంటే మా ఊరు దాటాలి, చూడాల్సిందే. చర్ల రోడ్డు పొడవునా క్యాంపులు. అడవి మీద డ్రోన్లు. స్టేషన్ల చుట్టూ ఎత్తైన గోడ, ముళ్లకంచె, మూలమూలనా ఇసుక బస్తాల మాటున తుపాకీ. ఎందుకు అలా కట్టారో మాకు తెలుసు. 1997లో కరకగూడెం పోలీస్ స్టేషన్ మీద నక్సలైట్ల దాడిలో పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత కట్టిన ఏ స్టేషన్ అయినా కోటలాగే ఉంటుంది. కోట లోపలికి వెళ్లి 'సార్, మా మేకలు పోయాయి' అని చెప్పడానికి ఎంత గుండె కావాలో ఒక్కసారి ఊహించుకోండి. పైగా ఆ రోజుల్లో స్టేషన్ మెట్లెక్కితే ఇన్‌ఫార్మర్ అన్న పేరొచ్చేది, ఎక్కకపోతే అటువాళ్లకు అన్నం పెట్టాడన్న పేరొచ్చేది. అలా రెండు తరాలు స్టేషన్‌కు వెళ్లకుండా ఉండటమే లోకజ్ఞానం అని నేర్చుకున్నాయి.

తుపాకులన్నీ ఇన్నాళ్లూ అడవివైపే తిరిగి ఉన్నాయి. ఇప్పుడు మీరే అంటున్నారు, అటువైపు పని అయిపోవచ్చిందని. 2025 వేసవిలో మావోయిస్టుల కోసం కర్రెగుట్టల్ని చుట్టుముట్టారు. నవంబరులో మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు నాయకుడు హిడ్మా చనిపోయాడు. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టులు ఉండరని కేంద్ర హోంమంత్రి ఎప్పుడో గడువు పెట్టారు. దాని మంచిచెడ్డలు మరోసారి మాట్లాడుకుందాం. నా మనవి ఒక్కటే: అడవి మీద పెట్టిన ఆ కళ్లలో కొన్నింటినైనా ఇటు, మా దొడ్డివైపు రేకు తలుపుల మీదికి తిప్పండి.

ఇళ్లు మాత్రమే కాదు. మాకు చేను కూడా ఇల్లే, సంవత్సరంలో మూడు నాలుగు నెలలు. జనవరి వచ్చిందంటే మిర్చి కోతలు. కోసిన కాయ కల్లంలో ఎర్రగా పరుచుకుని ఉంటుంది, ఎండాలి, తాలు ఏరాలి, బస్తాలకెక్కాలి, ఖమ్మం మార్కెట్‌కు పోవాలి. ధర బాగున్న ఏడాది ఆ కల్లం మీద ఉన్నది బీరువాలో బంగారం కంటే ఎక్కువ. దానికి తాళం లేదు, తలుపు లేదు, కర్టెన్ వేసే వీలూ లేదు. రైతు దుప్పటి కప్పుకుని, టార్చిలైటు తలకింద పెట్టుకుని అక్కడే పడుకుంటాడు. అడవిపందుల కోసం ఒక చెవి, మనుషుల కోసం ఒక చెవి.

బోరు మోటారు కేబుల్ పోయిందంటే పేపర్లో రెండు లైన్లు కూడా రాదు. దొంగ దాన్ని ముక్కలు చేసి, మంట పెట్టి, రబ్బరు కాల్చి, రాగి తీగ తూకానికి అమ్ముకుంటాడు. అతనికి దక్కేది కొన్ని వందలు. రైతుకు కొత్త కేబుల్ వేలల్లో. ట్రాన్స్‌ఫార్మర్‌ను దించి, ఆయిల్ పారబోసి, కాయిల్ ఎత్తుకెళ్తే ఇంకా ఘోరం. కొత్తది వచ్చేదాకా దాని కింద ఉన్న మోటార్లన్నీ ఆగిపోతాయి, చేలు ఎండుతాయి. ఇక్కడ నాకొక అనుమానం ఉంది, చెప్పక తప్పదు. ఆ రాగి ఎక్కడో ఒకచోట తూకానికి వెళ్తోంది కదా. కాలిన వాసన ఇంకా పోని రాగి తీగ చుట్టను ఏ పాత ఇనప సామాను కొట్టు కొంటోందో కనుక్కోవడానికి డ్రోను అక్కర్లేదు. దొంగసొత్తు అని తెలిసి కొనడం నేరమని పాత చట్టంలో 411వ సెక్షన్ చెప్పింది, కొత్త న్యాయ సంహితలో 317 చెబుతోంది. ఆ కొట్లలో నెలకోసారి ఒక కానిస్టేబుల్ టీ తాగి వస్తే చాలు, మా చేలలో మోటార్లు నిలబడతాయి.

హద్దుల గొడవ మాకు ప్రత్యేకం. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలో ఉంది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం మాత్రం ఇటు మిగిలింది. రాముడి గుడి తెలంగాణలో, ఆయన పొలాలు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. భద్రాచలంలో బయల్దేరి చర్ల రోడ్డు పట్టుకుంటే ఊరు దాటగానే ఎటపాక, ఆంధ్రప్రదేశ్. ఇంకాస్త వెళ్తే దుమ్ముగూడెం మండలం, మళ్లీ తెలంగాణ. టీ చల్లారేలోగా దొంగ రెండు రాష్ట్రాలు మారతాడు. వాడి బండికి ఏ అనుమతీ అక్కర్లేదు. వాడి వెనక పరిగెత్తే ఫిర్యాదుకే అన్నీ కావాలి: ఇల్లు ఏ పంచాయతీ, రోడ్డు ఏ రాష్ట్రం, స్టేషన్ ఏ జిల్లా. 2022లో ఎటపాకను పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చారు. పాడేరు ఎక్కడ, ఎటపాక ఎక్కడ!

ఇందుకు చట్టంలో మందు ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఫోన్లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెడితే చాలు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. తొంభై రోజుల్లోగా దర్యాప్తు ఎంతవరకూ వచ్చిందో బాధితుడికి చెప్పాలి. ఇంత మంచి సంగతి మీ సూచనల ప్రకటనలో ఎందుకు లేదండీ? చెప్పుల జత కింద ఒక లైను జాగా దొరకలేదా? ఆటో మైకులో ఆ ఒక్క ముక్క చెప్పించండి, హద్దు రాళ్ల దగ్గర జనం పడే పాట్లు సగం తగ్గుతాయి.

చెప్పకుండా దాటేయాలనిపించే విషయం ఒకటుంది. దొంగతనం జరిగిన మర్నాడు మా ఊళ్లలో వేళ్లు ముందుగా చూపించేది దొంగ వైపు కాదు, కొత్తమొహం వైపు. మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి చేల గట్ల మీద పరదాలు కట్టుకున్న కూలీలు, అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయలు, దుప్పట్లు అమ్ముకునేవాళ్లు, గంగిరెద్దులవాళ్లు. నిజానికి బీరువా తాళం ఎక్కడుందో తెలిసినవాడు గట్టు మీద పరదాలో పడుకోడు. 2018 మే నెలలో పార్థీ ముఠాలు తిరుగుతున్నాయి, పిల్లల్ని ఎత్తుకెళ్తున్నాయి అని వాట్సాప్‌లో నడిచిన పుకార్లకు తెలంగాణలో అమాయకులు దెబ్బలకు చచ్చిపోయారు. తెల్లదొరలు 1871లో కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని జాబితా కట్టారు. ఆ చట్టం 1952లో రద్దయింది, మా నోళ్లలో ఇంకా రద్దు కాలేదు. మీ మనుషులు కూడా తెల్లారగానే ఆ పరదాల దగ్గరికే జీపు పోనిస్తే మా అనుమానానికి ముద్ర వేసినట్టవుతుంది. ముందు రాగి కొనే కొట్టు దగ్గరికి పోనివ్వండి.

దొరికిన సొమ్ము గురించి. దొంగ దొరికాడని పత్రికా సమావేశం పెడతారు. బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి నగలు పేరుస్తారు, వెనక ముసుగులేసిన ముద్దాయిలు, పక్కన ప్రశంసాపత్రాలు. ఆ ఫొటోలో మా ఇంటి నాంతాడును గుర్తుపట్టిన ఇల్లాలికి అది చేతికి రావడానికి కోర్టు చుట్టూ తిరగాలి. నగల లెక్క మాకు రాదనుకోకండి. ఏ నగకు ఎంతైందో దేవుడికే లెక్క అప్పజెప్పిన గోపన్న మా నేలకొండపల్లివాడే. గుండ్లపేరు ఎన్ని తులాలు, అందులో రాళ్లు పోతే ఎంత, ఏ సంవత్సరం పత్తి డబ్బుతో చేయించారు, మా ఆడవాళ్లు నిద్రలో లేపినా చెబుతారు. సొత్తును స్టేషన్లలో ఏళ్ల తరబడి మగ్గబెట్టొద్దు, ఫొటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు తీసుకుని పదిహేను రోజులు, మహా అయితే నెలలోపు ఇచ్చేయండి అని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు కాపీ ఒకటి ఎర్రగుడ్డ పక్కనే పెట్టించండి.

ఇక వరద. మీ సూచనలు రాసినవాళ్లు ఎప్పుడూ భద్రాచలం వరద చూసి ఉండరు. పండక్కి ఊరెళ్లేవాడు తాళం వేసుకుని వెళ్తాడు. వరదకు వెళ్లేవాడు తాళం వేసి ఏం చేస్తాడు? 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలై 16న గోదావరి 71.3 అడుగులకు వచ్చింది, 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీళ్లు మళ్లీ అప్పుడే. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. కరకట్ట లోపలి కాలనీల వాళ్లను పునరావాస కేంద్రాలకు తరలించారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు బస్సులెక్కారు. ఇంటికొక మగమనిషి మాత్రం కదలనన్నాడు.

మా ఎరుకలో ఒక పెద్దాయన, డాబా మీదికి గ్యాస్ సిలిండరు, టీవీ, కుట్టుమిషను ఎక్కించి పరదా కప్పాడు. బీరువా ఎక్కించలేక దాంట్లో అరలు ఊడదీసి, బట్టలు, పట్టాదారు పాసుపుస్తకం, కూతురి సర్టిఫికెట్లు మూటగట్టి పైన పెట్టుకున్నాడు. అటుకులు, ఒక కోడి, ఒక టార్చిలైటు. పడవ తీసుకొచ్చి రమ్మంటే 'నీళ్లకు భయపడను బాబూ, నీళ్లు తీశాక వచ్చేవాళ్లకు భయపడతా' అన్నాడు. అప్పుడు పడవలో ఉన్న కుర్రాళ్ల దగ్గర దానికి జవాబు లేదు. ఆ డాబా మీద మనిషికి ఏమైనా అయితే మొండివాడు, చెప్పినా వినలేదు అని రాస్తారు. అతను మొండివాడు కాదు. తను కిందికి దిగితే సిలిండరు ఉండదని అతనికి ఖాయంగా తెలుసు, ఉంటుందని చెప్పగల అధికారి ఎవరూ ఆ పడవలో రాలేదు.

కాబట్టి వచ్చే జూన్‌లోగా మాకు కావలసింది ఇది. మొదటి హెచ్చరిక ఎగరేసిన రోజే ఏ కాలనీకి ఏ కానిస్టేబుల్ కాపలానో పేరు, ఫోన్ నంబరుతో సహా పంచాయతీ గోడ మీద రాయించండి. రెండో హెచ్చరికకు ఒక పడవ, అందులో ఇద్దరు, రాత్రంతా ఆ సందుల్లో తిరగాలి. నీళ్లు తీశాక మూడు రాత్రులు కూడా ఉండాలి. బురదలో కరెంటు ఉండదు, తలుపులు ఉబ్బి మూతపడవు, దొంగలకు అసలు పండగ అప్పుడే. మా బజారు గూర్ఖాను కూడా ఆ పడవలో ఎక్కించుకోండి, ఏ ఇంట్లో ఎవరు లేరో అతను చెబుతాడు. అతనికి రోజుకు ఎంత ఇస్తారో మీరే నిర్ణయించండి, మేమిచ్చే ముప్ఫై కంటే ఎక్కువే ఇస్తారని నమ్ముతున్నాం.

ఇట్లు,
తమ సూచనలన్నీ పాటించి, కల్లం కాడ పడుకుని, దొడ్డి తలుపుకు కొత్త గొళ్లెం కొనడానికి ఖమ్మం వెళ్లబోతున్న
ఒక గృహస్థు